నలభై సైజు పిస్టన్లు

*సూర్యాపేట. జవహర్ మెకానిక్ షెడ్డు. గురువారం పొద్దున. బండి బక్కయ్యది.*

“నా కారు ఇంజన్ను సంపింది పరశురాములు. అండ్ల రెండో మాట లేదు.”

“మామా, నేనడిగింది గది కాదు. నిన్న బజార్ల ఏం సైజు పిస్టన్లు దొరికినయ్ అని అడిగిన.”

“నీళ్లు పొయ్యకుంట నడిపిండు. మునగాల కాడ ఇంజను పట్టేసింది. తొమ్మిదేండ్ల సంది అంబాసిడరు నడిగూడెంల కొట్టంల పండుకున్నది.”

“ఎరుకే. ట్రాక్టరుకు కట్టి గుంజుకొచ్చింది నేనే గద. ఆ సంచిల ఏమున్నయో తియ్యి.”

“సొంత బామ్మర్ది. అక్క మొగుడినన్న సూడలే.”

“సంచి, మామా.”

“ఇగో. నాలుగు.”

“ఇవి రెండు ఇరవై సైజు. ఇవి రెండు అరవై.”

“ఆఁ.”

“మనకు కావల్సింది నలభై.”

“రెండు ఇరవైలు, రెండు అరవైలు. అన్ని కలిపి నాలుగుతోని పంచు. నలభై వస్తది.”

“మామా, నీకు లెక్కలు చెప్పిన సారు ఉన్నడా, పోయిండా?”

“పోయిండు. మంచి సారు. దెబ్బ తప్ప మాట లేకుండె.”

“ఉంటే ఈ నాలుగు పట్కపోయి ఆయనకే చూపెడుదుము. జర ఇను. ఇంజన్ల పిస్టన్లు ఆడే బోర్లు నాలుగున్నయ్. నాలుగింటిని లేతు మీద నలభై సైజుకు గీకిచ్చినం. దాంట్ల ఇరవై వేస్తే లొడలొడ ఆడతది, ఊరంత పొగ. అరవై వేద్దామంటే మూతి కాడనే ఆగిపోతది. నీ సగటు లెక్క గొర్లకు నడుస్తదేమో, పిస్టన్లకు నడవది.”

“గొర్లకు గూడ నడవది. ఒకటి బక్కది, ఒకటి బలిసింది ఇస్తే ఎవడు కొంటడు.”

“మరి అంత తెలిసినోనివి ఇవెందుకు తెచ్చినవ్?”

“షాపాయన సగటు అన్నడు. పిస్టన్లు లేకుంట నువ్వు బోరు ఎందుకు గీకిచ్చినవ్?”

“నేనా? ముందు పిస్టన్లు చేతికి రావాలె, వాటిని కొలిచినంకనే బోరు గీకాలె అని నెత్తీ నోరు కొట్టుకున్న. లేతాయన ఖాళీగున్నడు, గీకియ్యి, గీకియ్యి అని పానం దీసిందెవరు?”

“లేతాయన ఖాళీగున్నది నిజమే గద.”

“ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.”

“నా ముంగట ఆలు ముచ్చట తియ్యకు.”

“తప్పైంది మామా. సామెత అన్న, గంతే.”

“సామెతైనా వద్దు. మూడేండ్లు కాలే రుక్కమ్మ పోయి.”

“సరే, తియ్య. ఇప్పుడేం జేద్దాం చెప్పు. సోమారం బండి నడుసుకుంట ఆర్టీఓ ఆఫీసు కాడికి పోవాలె. రెన్యువల్‌కు అదే ఆఖరు తారీఖు. పోకపోతే…”

“తుక్కు. ఎరుకే నాకు. తుక్కాయన ఇప్పటికే రెండుసార్లు వచ్చిండు. తలుపు తీసి, రుక్కమ్మ కూసునే సీటు మీద చెయ్యి పెట్టి, దీంట్ల ఇనుము ఎంత ఎల్లుతది అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“వాని బండి టైర్ల గాలి తీసిన. మూడు కిలోమీటర్లు నూక్కుంట పోయిండు.”

“మల్ల వస్తడు.”

“రానీ. ఆమె కూసున్న సీటు మీద ఎవడన్న పలుగు పెడితే నేనూకుంటనా. సోమారం ఈ బండి నడవాలె జవహరూ. ఎట్ల నడిపిస్తవో నాకు తెల్వది.”

“కోదాడల గోవర్ధన్ అని ఒకాయనున్నడు. పాత బండ్ల సామాను ఆయన కాడ దొరకకపోతే ఇగ యాడ దొరకది. బైకెక్కు. ఆడ నువ్వు మాట్లాడకు.”

“నేనేం మాట్లాడిన?”

“గదే. గదే మాట్లాడకు.”

*కోదాడ. గోవర్ధన్ పాత సామాన్ల షాపు. అదే రోజు మధ్యాహ్నం.*

“రండి జవహర్ గారూ. కూర్చోండి. పెద్దాయన ఎవరండి?”

“బండి ఓనరు గోవర్ధనన్నా. అంబాసిడర్, పెట్రోలు. నలభై సైజు పిస్టన్లు కావాలె. రింగులు గూడ. నాలుగింటికి.”

“నలభయ్యా. ఇరవై ఉందండి. అరవై ఉందండి. నలభై మాత్రం లేదండి. నా దగ్గరే కాదు, విజయవాడలో అడిగినా లేదనే అంటారు.”

“అందరి కాడ ఇరవైలు, అరవైలే ఉన్నయి. నడుమ నలభైలను ఏమన్న రోగమొచ్చిందా?”

“మామా, మాట్లాడకు అన్న గద.”

“పోనీయండి. పెద్దాయనా, నా మాట విని ఆ ఇంజన్ పక్కన పడేయండి. మంచి డీజిల్ ఇంజన్ ఒకటి ఉంది, దాన్ని ఎక్కించేస్తే మీ బండి ఇంకో ఇరవై ఏళ్లు…”

“నీకు పండ్లున్నయా?”

“ఉన్నాయండి. ఎందుకండి?”

“ఒక పన్ను నొస్తే తలకాయ మారుస్తవా?”

“జవహర్ గారూ, ఈయన ఎప్పుడూ ఇంతేనా అండి?”

“ఇయ్యాల జర నయం. అన్నా, ఎట్లనన్న సూడు. సోమారం దాంకనే టైమున్నది. ఎవరికన్న అమ్మినవా, వాడకుంట పెట్టుకున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“వాడకుండానా. ఆగండాగండి. ఉన్నాడండీ ఒకాయన. నలభైలో ఆఖరి సెట్టు పట్టుకెళ్లింది ఆయనే. తొమ్మిదేళ్లయిందేమో. ఇంతవరకూ బిగించలేదు.”

“నీకెట్ల ఎరుక బిగియ్యలేదని?”

“ఏటా దసరాకి ముందు వస్తాడండి. పిస్టన్లకి తుప్పు పట్టకుండా ఏ నూనె రాయాలండీ అంటాడు. చెప్తాను. మళ్లీ ఏడాది వచ్చి అదే అడుగుతాడు. మీకు బండి ఉందా అంటే లేదంటాడు. బండి లేకుండా పిస్టన్లు ఎందుకయ్యా అంటే, ఉండనీయండి, ఎప్పుడన్నా అడుగుతారు అంటాడు. మనిషి మంచోడే. కాస్త తిక్కేమో అనుకున్నాను.”

“తిక్కోడైతే ఏంది, పిస్టన్లకు తిక్క లేదు గద. యాడుంటడు?”

“మిర్యాలగూడండి. రైసు మిల్లులో ఫిట్టరు.”

“సూసినవా మామా. దేవుడున్నడు. ఆయన పేరేందన్నా?”

“పరశురాములండి.”

“మామా. మామా, యాడికి పోతున్నవ్. చెప్పులిడిచి పోతున్నవ్.”

“నేను పోను.”

“ఎండకు కాళ్లు కాలుతయ్. ఆగు.”

“నేను ఆని కాడికి పోను. అరవైలే తే. బోరు మల్ల గీకిద్దాం.”

“ఇగ గీకితే గోడ మిగలది మామా. నీ ఇంజను గోడ ఇప్పటికే పాత పంచె లెక్కున్నది. అరవైకి గీకితే అవుతల ఎవరున్నరో కనవడతరు.”

“తొమ్మిదేండ్లు మాట్లాడలే. రుక్కమ్మ దినాలకు వచ్చిండు. నా ఎదురుంగనే కూసుండు. అన్నం తిను అని వేరేటోనితోని చెప్పిచ్చిన.”

“ఇప్పుడు గూడ వేరేటోనితోనే చెప్పియ్యి. నేనున్న గద. నువ్వొచ్చి నిలవడు, సాలు.”

“నిలవడత. నోరు తెరవ.”

“గది మా అందరికీ మంచిదే. చెప్పులేస్కో.”

*మిర్యాలగూడ. రైసు మిల్లు వెనక రేకుల షెడ్డు. శుక్రవారం. ముగ్గురు మనుషులు, కట్టేసిన ఒక మేక.*

“దండం బావా.”

“జవహరూ, దండం ముట్టిందని చెప్పు.”

“పరశురాములన్నా, ముట్టిందంట.”

“ఎండల వచ్చిండు, నీళ్లు తాగుతడేమో అడుగు జవహరూ.”

“మామా, నీళ్లు తాగుతవా?”

“నా గొంతుల పొయ్యమన్ననా. ఆ దినం బండిల పొయ్యాల్సిన నీళ్లు పొయ్యలేదు, ఇప్పుడు నాకు పోస్తడట. అని చెప్పు.”

“అన్నా, వద్దంట.”

“గంత పొడుగు మాట్లాడిండు. వద్దు అని గింతేనా?”

“నా కాడికి వచ్చేటాల్లకు గింతే అయితది. ఇద్దరు మూరెడు దూరంల నిలవడ్డరు. ఇద్దరికీ చెవులున్నయ్. నడుమ నేనేమన్న సెల్లు టవరునా?”

“పిస్టన్లు ఉన్నయో లేవో అడుగు.”

“అన్నా, నలభై సైజు…”

“ఉన్నయి. ఇగో డబ్బ. రింగులు గూడ అండ్లనే ఉన్నయి. విప్పి సూసుకోమను.”

“మామా, పిస్టన్లకు బొట్లున్నయి.”

“ఏంది?”

“కుంకుమ బొట్లు. నాలుగింటికి.”

“దసరా నాడు మిల్లుల పానాలు, సుత్తెలు పూజల పెడతం గద జవహరూ. అప్పుడు ఇవి గూడ తీసి, తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టి మల్ల చుట్టి పెడత. ఏటేటా.”

“ఇంజన్ను సంపినోడు పిస్టన్లకు పూజ చేస్తున్నడు. అని చెప్పు.”

“అన్నా, మామకు మస్తు సంబురమైంది.”

“నేనట్ల అన్ననా?”

“మామా, నాకు వచ్చినట్టు నేను చెప్తున్న. ఇష్టం లేకపోతే నువ్వే చెప్పుకో.”

“ఏం తీసుకుంటడో అడుగు. ఊకె తీసుకోను నేను.”

“నాకేం వద్దని చెప్పు జవహరూ. బావ నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే సాలు. పిలిచి, డబ్బ తీస్కపోమను.”

“జవహరూ, బైకు తియ్యి. పోదాం.”

“మామా, సోమారం.”

“పోనీ.”

“మామా, తుక్కాయన.”

“సరే. ఆయనను ఒక్కటి అడుగు. ఆ దినం నేను ఇంట్ల లేనప్పుడు నా బండి మునగాల రోడ్డుకు ఎందుకు పోయిందో. తొమ్మిదేండ్ల సంది అడిగిపిస్తున్న, చెప్తలేడు. అది చెప్తే అప్పుడు సూద్దాం పేరు ముచ్చట.”

“అన్నా, ఎందుకు పోయినవ్?”

“జవహరూ, ఆ మూల మీద లేతు షాపున్నది. పిస్టన్లు ఒకసారి కొలిపిచ్చుకోని రాపో.”

“అడిగిందేంది, చెప్పేదేంది?”

“తొమ్మిదేండ్లయింది గద. సైజు సరిగ్గున్నదో లేదో సూసుకోవద్దా. పో. నిమ్మలంగ రా.”

“నేను పోతే మీ మాటలెవరు మోస్తరు?”

“మేక ఉన్నది.”

*జవహర్ డబ్బా పట్టుకుని వెళ్లాడు. మేక ఉంది.*

“మేకా, నిన్ను ఇంత పొట్టిగ కట్టినోనికి బుద్ధి లేదని చెప్పు. మెడ ఒరుసుకపోతది.”

“మేకా, పొడుగ్గ కడితే నువ్వు పోయి బియ్యం బస్తాలు బుక్కుతవని చెప్పు.”

“ఎందుకు పోయిండో అడుగు మేకా.”

“మేకా, నువ్వే ఇను. అక్క నా తోని ఒట్టేపిచ్చుకున్నది. ఏ మనిషికీ చెప్పొద్దు తమ్మీ అన్నది. మేకకు చెప్పొద్దనలే.”

“అక్క నడుమల ఎందుకొచ్చింది. అడుగు.”

“ఆ దినం బండి నడిపింది నేను గాదు మేకా.”

“మరెవడు? ఆయన ఎంబడి తిరిగే తాగుబోతులా? అడుగు.”

“అక్క.”

“మేకా. ఆయనను ఇంకోసారి చెప్పమను.”

“అక్క నడిపింది. అప్పటికి రెండు నెలల సంది నేర్చుకుంటున్నది. బావ గొర్ల అంగడికి పోయినప్పుడల్ల నాకు ఫోను చేసేది. తమ్మీ, మీ బావ పోయిండు, ఉరికిరా అని.”

“అబద్ధం. రుక్కమ్మకు సైకిలు గూడ రాదు.”

“నేనూ గదే అన్న మేకా. సైకిలైతే పడిపోతరు, కారు పడది గద తమ్మీ అన్నది.”

“మంచిగ నడిపేదా? అడుగు.”

“ముందుకైతే మస్తు నడిపేది. ఎనుకకు రాకపోయేది. తిరిగి రావాలంటే యాడన్న పెద్ద జాగ దొరికేదాంక పోతనే ఉండాలె. అందుకే మునగాల దాంక పోయినం.”

“నీళ్లు.”

“నేను పోసిన అని అక్క అనుకున్నది. అక్క పోసింది అని నేననుకున్న. హైవే ఎక్కినం. ముంగట నుంచి ఆవిర్లు. అక్కా, ఆపు, ఇంజను కాగుతున్నది అన్న. అన్నం వండితే ఆవిరి రాదారా, దానికే బుగులైతే ఎట్ల అన్నది.”

“ఆపలే?”

“ఆపితే మల్ల స్టార్టు కాదేమో, మీ బావ వచ్చేటాల్లకు కొట్టంల పెట్టాలె అన్నది. ఇంకో నాలుగు కిలోమీటర్లు అన్నం ఉడికింది మేకా. అటెనుక ఇంజను పట్టేసింది.”

“ఇంటికొచ్చి నేను నడిపిన అన్నవ్. నా మొకం మీదనే అన్నవ్.”

“మేకను అడుగుతున్నవా, నన్నా బావా?”

“మేకనే. మేకా, ఆయన అట్ల ఎందుకన్నడు?”

“అక్క అనమన్నది. నన్నైతే సచ్చేదాంక ఎత్తిపొడుస్తడు, నిన్నైతే నాలుగు దినాలు తిట్టి మర్చిపోతడు తమ్మీ అన్నది. నాలుగు దినాలు అన్నది మేకా.”

“అన్నం ముందట కూసున్నప్పుడల్ల తిట్టిన. ఆ బండి నడిపిన చేతులు పడిపోవాలె అన్న. ఆమెనే వడ్డిస్తుండె.”

“ఎరుకే. రాత్రి అన్నం కాడ అంటే పొద్దుగాల నాకు ఫోను వచ్చేది. నిన్న గూడ నా చేతులు పడిపోయినయి తమ్మీ, అయినా కూర మంచిగనే అయింది అని నవ్వేది.”

“నవ్వేదా?”

“నవ్వేది. రెండుసార్లు ఏడ్చింది. ఇగ చెప్పేస్త తమ్మీ అన్నది. మీ బావ అప్పుడే గొర్లు సస్తున్నయని పరేషాన్‌ల ఉన్నడు. తర్వాత చెప్త అన్నది. తర్వాత ఆమెకే పానం బాగలేకుంట అయింది.”

“పిస్టన్లు ఎందుకు కొన్నవ్? అడుగు.”

“అక్కనే కొనమన్నది. దొంగతనంగ బాగు చేపిచ్చి, మల్ల కొట్టంల నిలవెడుదాం అన్నది. ముందే ఒకసారి ఇరవైకి గీకిచ్చింది ఆమెకు ఎరుకే, అందుకే నలభై తెమ్మన్నది. నేను తెచ్చేటాల్లకు బావ కొట్టానికి తాళమేసిండు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. తానం చేసేటప్పుడు గూడ ఇప్పుతలేడు, ఎట్ల దియ్యాల్నో సమజైతలేదు తమ్మీ అన్నది.”

“దినాల నాడు చెప్పకపోతివి.”

“చెప్దామనే ఎదురుంగ కూసున్న. అన్నం తిను అని ఎవరో వచ్చి చెప్పి పోయిండు.”

“మేకా, ఇంకొక్కటి. ఎందుకు నేర్చుకున్నది? యాడికన్న పోవాల్నంటే నేను తీస్కపోకపోతినా? దవాఖానకు, పెండ్లిండ్లకు, ఎప్పుడన్న రానన్ననా?”

“యాడికి పోదామని గాదు మేకా. నేనూ అడిగిన. ఒక్కనాడు నేను నడపాలె తమ్మీ, మీ బావ పక్క సీట్ల కూసోవాలె అన్నది. సూర్యాపేట నుంచి కోదాడ దాంక. తలుపు గట్టిగ ఎయ్యకు, కాళ్ల బురద దులుపుకో, అద్దం ముట్టకు, నోరు మూస్కోని కూసో అని ఆయన నన్ను అన్నయన్ని ఆయనను అనుకుంట పోవాలె. గంతే తమ్మీ, ఒక్కసారి అన్నది.”

“కొలత సరిపోయింది మామా. నలభై అంటే నలభై, ఎంటుక మందం తేడా లేదు. రేపు బిగిస్తే ఎల్లుండికి స్టార్టు. ఇగ మీ మాటలు యాడిదాంక వచ్చినయి? మేక ఏమన్నది?”

“జవహరూ, జర పక్కకు జరుగు. అడ్డమున్నవ్.”

“ఎవరికి అడ్డం?”

“పరశురాములూ.”

“ఆఁ… బావా.”

“నన్ను సూడు. ఆ దినం మునగాల కాడ బండి నడిపింది నువ్వు.”

“బావా, నేనిప్పుడే…”

“నువ్వే. ఎవ్వరడిగినా నువ్వే. నేను సచ్చినంక అడిగినా నువ్వే.”

“నేనే బావా.”

“ఆమె ఆ తప్పు నీ మీద పెట్టింది. నేను తియ్య. ఇగ ఈ ముచ్చట నా నోట ఎన్నడు రాదు.”